జీపు మీద కొసరు

సర్కారు హర్రాజులు, అంటే వేలంపాటలు, చేసిన ఆఫీసర్లు మా జిల్లాలో చాలామందే ఉన్నారు. హర్రాజులో సర్కారు సొత్తును కొసరుగా పంచిపెట్టిన ఆఫీసరును మాత్రం, నాకు తెలిసి, నేనొక్కణ్నే. ఆ ఘనత ఇంకెవరికీ దక్కనివ్వను.

మాది నిజామాబాద్‌లో గిన్నెల దుకాణం. బాపు నాకు అక్షరాల కంటే ముందే బేరం నేర్పాడు. చిన్నప్పుడు జ్వరమొచ్చి డాక్టరు మూడు సూదులంటే, రెండుకు ఖాయం చేసుకోమన్నానట. పెద్దయ్యాక లా చదివి, నల్లకోటు వేసుకుని బోధన్ కోర్టులో వాదించాను. వాదించాననడం గొప్పకే లెండి, నిజానికి బేరమాడాను. నా పార్టీలు సగంమంది కోర్టు మెట్లెక్కకముందే ఎదుటివాళ్లతో రాజీ పడేవాళ్లు. ఫీజు దగ్గర నాతో మాత్రం పడేవాళ్లు కాదు. చివరికి పరీక్ష రాసి అమ్మకం పన్ను శాఖలో ఆఫీసరునయ్యాను. లాయరు కోటయితే విప్పాను గానీ దుకాణదారుడి అలవాట్లు ఒంటి మీదే ఉండిపోయాయి.

ప్రొబేషన్ ఇంకా పూర్తి కాలేదు. పన్ను ఎగ్గొట్టిన ఒక బెల్లం వ్యాపారి సామాను బోధన్‌లో జప్తు చేశాం. అందులో ఒక పాత జీపు, బెల్లం తూచే పెద్ద తరాజు, దాని ఇనుప తూకపు బాట్లు ఉన్నాయి. ఆ రోజు జీపు హర్రాజు, తరాజుది వచ్చే వారం. సాయంత్రానికి పెద్దసారు నిజామాబాద్ నుంచి వచ్చి అన్నీ స్వయంగా చూసుకుంటాడని కబురు. నా నౌకరి పక్కా కావాలంటే ఆయన సంతకం పడాలి.

హర్రాజు పెళ్లిలా సాగింది. పాత ఇనుము కొనే మారుతి సేఠ్ అందరికంటే పైకి పాడి, డబ్బు అక్కడికక్కడే కట్టాడు. కట్టినవాడు పోవాలి కదా, పోలేదు. నా ఎదుట నిలబడి పంటి కింద వక్కపలుకు నములుతూ అడిగాడు.

"సాబ్, మరి కొసరు?"

మీలో దుకాణంలో పెరగనివాళ్లకు ఒక మాట చెప్పాలి. డబ్బు చేతిలో పడ్డాక, కొనవచ్చిన గిరాకి కొసరడిగితే మా ఇంట్లో ఎవరూ ఆలోచించరు. తుమ్ము వచ్చినట్టు చెయ్యి దానంతటదే లేస్తుంది. బిందె కొంటే గంటె, గంగాళం కొంటే గ్లాసు. నా చెయ్యి కూడా అట్లాగే లేచింది. చుట్టుపక్కల గంటె లేదు, గ్లాసు లేదు.

"గా తరాజు తీస్కపో సేఠ్," అన్నాను.

మా గుమస్తా సాయిలు ముఖం విరిగిన పాలలా అయింది. చెవి దగ్గరికొచ్చి, "సార్, గది వచ్చే వారం సరుకు," అన్నాడు. అప్పటికే హమాలీలు తరాజును జీపులోకి ఎక్కించారు. మాకు జీతాలిచ్చే సర్కారు పనులు కూడా అంత వేగంగా జరిగితే దేశం ఎక్కడో ఉండేది.

జీపుకు అడ్డంపడి లోపలి లాయరును లేపాను. నాది కాని సొమ్ము నేనియ్యలేననీ, ఇచ్చినా చెల్లదనీ చట్టమంతా వల్లించాను. సేఠ్ ఓపికగా విన్నాడు.

"చట్టం నాకెర్క లేదు సాబ్. కొసరు వాపసడిగే దుకాణదారుని మాత్రం ఇయ్యాల మొదటిసారి చూస్తున్న."

జనం గొల్లున నవ్వారు. వెనక నుంచి ఎవరో, "గీ ముచ్చట మీ బాపుకెర్కనా సారూ?" అన్నారు. తరాజు పోతే నౌకరి పోతుంది. తరాజు గుంజుకుంటే మా దుకాణం పరువు పోతుంది. కొసరు వాపసు తీసుకున్నానని తెలిస్తే బాపు నన్ను గడప తొక్కనివ్వడు.

చివరికి, నా సొంత సొమ్ములోంచి వేరే కొసరిస్తానని ఒప్పుకున్నాను. సేఠ్ చూపు నా స్కూటరు మీద పడింది. పాత తరాజుకు స్కూటరేందని అడిగితే, స్కూటరు కూడా కొత్తదేం కాదన్నాడు. అక్కడి నుంచి చేతి గడియారానికి దిగాడు, నేను గొడుగు దగ్గర మొదలుపెట్టాను. మధ్యలో ఎక్కడో బేరం తెగింది.

"మీ బాపు దుకాణంల పెద్ద ఇత్తడి గుండిగ చూసిన సాబ్. గణపతి నవరాత్రులకు అన్నం వండనీకి పనికొస్తది. గది తెప్పియ్యి."

తరాజు కిందికి దిగుతుండగా పెద్దసారు కారు లోపలికొచ్చింది. హర్రాజు మంచిగైందా అని అడిగి, ఇంత చెమటేందయ్యా అన్నాడు. సాయిలు దగ్గుతూ అటు తిరిగాడు. ఎండ సార్ అన్నాను. మబ్బు పట్టి ఉంది.

ఆదివారం బాపుకు జరిగిందంతా చెప్పాను. ఆయన నవ్వలేదు, అందుకే భయమేసింది. గుండిగ ధర చెప్పాడు. కొడుకునని గుర్తుచేశాను.

"కొడుకువు గాబట్టే గింత నెమ్మదిగ చెప్తున్న. పైసలు తియ్యి."

బేరానికి పుట్టినవాణ్ని, జీవితంలో మొదటిసారి చెప్పిన ధర చెప్పినట్టు కట్టాను. కట్టాక నోరు ఊరుకుంటుందా?

"మరి కొసరు, బాపూ?"

బాపు ఒక గంటె తీసి గుండిగలో వేశాడు. "గిది సేఠ్‌కు. నీకు గాదు," అన్నాడు.

ఆ ఇత్తడి మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను. సర్కారు నౌకరిలో ఉన్నన్నాళ్లూ కొసరన్న మాట వినబడితే రెండు చేతులూ కట్టుకుని, మూగవాడిలా నిలబడతానని.

ఇక ఆఖరి లెక్క. సర్కారుకు జీపు ధర ముట్టింది, తరువాతి వారం తరాజు ధరా ముట్టింది. సేఠ్‌కు జీపు, గుండిగ, గంటె. బాపుకు పైసా తగ్గించమనలేని గిరాకి. నాకు నౌకరి మిగిలింది, ఆ నెల జీతం మిగల్లేదు.