బాగున్న రిమ్ము

ఆ రోజుల్లో మా పాతబస్తీ మొత్తంలో వంకర లేనివి రెండే ఉన్నాయని నా గట్టి నమ్మకం. ఒకటి చార్మినార్ మినార్లు, రెండోది నేను కట్టిన సైకిల్ చక్రాలు. మినార్ల సంగతి లోకమంతా ఒప్పుకుంది. చక్రాల సంగతి ఒప్పుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. ఎనిమిదో తరగతిలో బడి మానేసినవాణ్ణి కాబట్టి (మేమే మానిపించామని బడివాళ్ళు అంటారు, వాళ్ళ మాటలు నమ్మకండి) నేనొక్కణ్ణే ఉన్నా మెజారిటీ నాదే అనుకునేవాణ్ణి.

పురానాపూల్ దగ్గర మా ఉస్తాద్ సైకిల్ దుకాణంలో చేరి అప్పటికి ఐదేళ్ళయింది. ఉస్తాద్‌కి అరవై దాటాయి, కళ్ళకు పొర వచ్చింది, కాని చెవులు మాత్రం ఇంకా పెళ్ళికొడుకు చెవులే. చక్రాన్ని ఆయన కంటితో చూడడు, వింటాడు. కట్టడం అయిపోయాక ఒక్కో స్పోకునూ గోటితో మీటుతాడు. అన్నీ ఒకే స్వరం పలికితే తల ఊపుతాడు. తర్వాత చక్రాన్ని చెవి పక్కన పెట్టి గిర్రున తిప్పి, కళ్ళు మూసుకుంటాడు. నేను వాగుడుకాయనని నాకు పెట్టిన పేరు 'రేడియో'. "అరే రేడియో, వాల్యూం తగ్గియ్, నాకు చక్రం ఇనబడ్తలేదు" అనేవాడు. ఐదేళ్ళలో నా జోకులకు ఒక్కసారైనా నవ్వలేదు. నా చక్రాలకు ఒక్కసారైనా 'వాహ్' అనలేదు. తల ఊపేవాడు, అంతే.

ఆ దుకాణంలో నాకు కావాల్సింది ఒక్కటే, చక్రం బెండు తీసే ఇనుప స్టాండు. ఉస్తాద్‌కి ఆయన ఉస్తాద్ ఇచ్చి వెళ్ళింది. చేతులు తగిలి తగిలి నున్నగా, వెండిలా మెరిసేది. ఉస్తాద్ కళ్ళు పూర్తిగా మొరాయించిన రోజు అది నాకే వస్తుందని నా లెక్క. ఆ మాట ఆయన ఎప్పుడూ అనలేదు. అనాలని ఆయనకు తోచేలా రోజుకు నాలుగుసార్లు దాన్ని తుడిచేవాణ్ణి.

అదిగో, అప్పుడొచ్చారు గోదారి సారు. సర్కారు ఆఫీసులో ఉద్యోగం, కోస్తా మనిషి, నలభై ఏళ్ళవాడు, ఆదివారం పొద్దున రంగురంగుల బిగుతు బట్టలేసుకుని సైకిలు తొక్కే బాపతు. ఆటోలోంచి పెద్ద అట్టపెట్టె దించారు. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికాయని కార్బన్ రిమ్ములు తెప్పించారట. మా ఇనుప రిమ్ముల అలవాటుతో, బరువుంటుందని పెట్టెలోంచి ఒకదాన్ని బలంగా ఎత్తబోయాను. ఆ రిమ్ము నా చేతితో పాటు పైకెగిరి దుకాణం బల్బుకి తగిలింది.

"ఏంది సారూ, రిమ్ము పంపుమంటే రిమ్ము ఫొటో పంపిన్రు?" అన్నాను.

ఉస్తాద్ నవ్వలేదు. సారు మాత్రం, "ఫొటో అయితే ఫ్రేము కట్టించుకుంటానులే తమ్ముడూ" అన్నారు. దానికి మా ఉస్తాద్ నవ్వాడు! చాయ్ గ్లాసు కింద పెట్టి, తొడ మీద కొట్టుకుని మరీ నవ్వాడు. ఐదేళ్ళ నా జోకులు ఒక్కొక్కటిగా లేచి వెళ్ళి మూసీలో దూకినట్టనిపించింది.

ఇంకో ముచ్చట. చక్రాలు నన్ను కట్టమని కాదట సారు వచ్చింది. దగ్గర కూర్చుని తనే కట్టడం నేర్చుకుంటారట. "ఆదివారం రాండ్రి సార్, మనం కూసొని కడ్దాం" అన్నాడు ఉస్తాద్. మనం! నేను చేరిన కొత్తలో ఏడాదిపాటు పంక్చర్లు తప్ప చక్రం ముట్టనివ్వని మనిషి.

ఆదివారం సారు వచ్చి తిన్నగా నా స్టూలు మీద కూర్చున్నారు. (దాని మీద నా పేరు రాసి లేదు నిజమే, కాని నా ఆకారం పడి ఉంది.) రిమ్ములు కట్టడానికి తీశాక అసలు చిక్కు బయటపడింది. మామూలు రిమ్ముకి టైరు వైపు కూడా బెజ్జాలుంటాయి. వాటిలోంచి నిప్పల్ దించుతాం. నిప్పల్ అంటే స్పోకు చివర బిగించే గోరంత ఇత్తడి నట్టు. ఈ రిమ్ముకి అటువైపు మూసేసి ఉంది. గాలి కొట్టే వాల్వు కోసం ఒకే ఒక్క బెజ్జం. నిప్పళ్ళన్నీ దాంట్లోంచే వేసి, లోపలి సొరంగంలో నడిపించి, ఒక్కోదాన్నీ దాని బెజ్జం దాకా చేర్చాలి.

"ఇగో, అందుకే చవక" అన్నాను సంతోషంగా.

సారు పాత ఇనుప స్పోకుల కొసలు కత్తిరించి, ఒక్కో ముక్కనూ ఒక్కో నిప్పల్‌కి బిగించారు. నిప్పల్‌ని వాల్వు బెజ్జంలో వేసి, జేబులోంచి పగిలిన స్పీకరు అయస్కాంతం తీసి రిమ్ము మీద జరిపారు. లోపల ఇనుప తోక ఉన్న నిప్పల్ ఆ అయస్కాంతం వెంట పెళ్ళికూతురిలా బుద్ధిగా నడిచి, తన బెజ్జంలోంచి తోక బయటపెట్టింది. ఫోన్‌లో వీడియో చూసి నేర్చుకున్నారట.

"వాహ్!" అన్నాడు ఉస్తాద్.

నేను ఐదేళ్ళుగా ఎదురు చూస్తున్న 'వాహ్' అది. నా కళ్ళ ముందే పక్కవాడి ఒళ్ళో పడింది. చాలదన్నట్టు సారు ఇనుప స్టాండుని చేత్తో నిమిరి, "ఉస్తాద్ గారూ, ఇలాంటిది నాకు దొరుకుతుందంటారా?" అన్నారు. ఉస్తాద్ గడ్డం నిమురుకుని, "ఎందుకు దొరకది సార్, నేను జూస్త కదా" అన్నాడు. నాకు చెవుల్లోంచి ఆవిర్లు వచ్చాయి. సర్కారు ఉద్యోగం ఉన్న మనిషికి ఉస్తాద్ తన స్టాండు ఎందుకిస్తాడని అప్పుడు ఆలోచించి ఉంటే ఈ కథే లేదు. కుళ్ళుకునేవాడు ఆలోచించడు కదా.

ఉస్తాద్ పని పంచాడు. "ముందర చక్రం సార్‌ది. ఎనక చక్రం నీదిరా రేడియో. రెండూ అయినంక నేను చెవి వెట్టి ఇంట." చెప్పి నమాజుకు వెళ్ళాడు. సారు నేర్పు చూపించడానికి వేసిన ఆ ఒక్క నిప్పల్నీ తీసేసి, ఎడమ మేకుకి తన రిమ్ము, కుడి మేకుకి నా రిమ్ము తగిలించారు. నల్లబడ్డ చేతులు చూసుకుని, "కడుక్కుని వస్తా తమ్ముడూ" అంటూ పక్క సందులో కుళాయి వైపు వెళ్ళారు.

దుకాణంలో నేనూ, నా కుళ్ళూ మిగిలాం. ఒక నిప్పల్ తీశాను. ఊరికే వేస్తే రిమ్ము ఎత్తగానే గలగలమంటుంది, దొరికిపోతాను. అందుకని గ్రీజు డబ్బాలో ముంచి, ముద్ద చేసి, ఎడమ మేకు రిమ్ము వాల్వు బెజ్జంలో పెట్టి, స్పోకుతో చేతికందనంత లోపలికి నెట్టాను. గ్రీజు పట్టు వదిలేదాకా చప్పుడు రాదు. చక్రం కట్టి తిప్పాక, ఉస్తాద్ చెవి దగ్గర రాగం మొదలవుతుంది. నా తెలివికి నేనే 'వాహ్' అనుకున్నాను, ఇంకెవరూ అనడం లేదు కాబట్టి.

సారు జేబురుమాలుతో చేతులు తుడుచుకుంటూ తిరిగొచ్చారు. రెండు రిమ్ములూ దించి, తిప్పితిప్పి చూసి, ఎడమ మేకుదాన్ని నాకు చాపారు.

"తమ్ముడూ, ఇది కాస్త బాగున్నట్టుందయ్యా. బరువంతా పడేది వెనక చక్రం మీదే కదా, ఇది నువ్వు తీసుకో."

నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. "వద్దు సారూ, మీది మీకే ఉండనీయున్రి."

"మొహమాటం దేనికయ్యా?"

"మొహమాటం గాదు సారూ, గట్ల మార్సుకుంటే మంచిది గాదు..."

అప్పుడే గడప ఎక్కిన ఉస్తాద్ విన్నాడు. "అరే, పెద్దమనిషి మంచిది తీసి ఇస్తుంటే వద్దంటవేందిరా? తమీజ్ లేదా? తీస్కో!"

తీసుకున్నాను. రిమ్ములో గ్రీజు ముద్దా, గుండెల్లో బండా పెట్టుకుని చక్రం కట్టడానికి కూర్చున్నాను. అయస్కాంతంతో లాగుదామంటే తోక లేని వట్టి ఇత్తడి, అంటుకోదు. విదిలిద్దామంటే ఇద్దరూ ఎదురుగానే ఉన్నారు. ఇక చేయగలిగింది ఒక్కటే, వంక పెట్టడానికి వీల్లేని చక్రం కట్టడం. నా జన్మలో అంత శ్రద్ధగా కట్టలేదు. ఒక్కో స్పోకూ బిగించి, మీటి, మళ్ళీ పావు తిప్పు బిగించి, చెమట తుడుచుకున్నాను. చూస్తే బయట మే నెల ఎండ. గ్రీజు కరుగుతుందేమోనని తడి గోనెసంచి తెచ్చి చక్రం మీద కప్పాను.

"ఏందిరా, దానికేమన్న జరమొచ్చిందా?" అన్నాడు ఉస్తాద్.

"కార్బన్‌కి వేడి పడదు ఉస్తాద్."

"అదేం లేదయ్యా, ఎండ తగిలితే స్పోకులు బాగా సర్దుకుంటాయి" అంటూ సారు గోనె తీసేసి, నా చక్రాన్ని తీసుకెళ్ళి ఎండలో గోడకానించారు. పైగా అటోసారి ఇటోసారి తిప్పి పెట్టారు, అన్ని వైపులా కాగాలని.

పరీక్ష మొదలైంది. సారు చక్రాన్ని ఉస్తాద్ మీటాడు. రెండు స్పోకులు కొంచెం వదులు. "పర్వలేదు సార్, మొదటిసారికి మస్తు కట్టిన్రు." తర్వాత నాది. టింగ్, టింగ్, టింగ్. ఒకే స్వరం, వెంట్రుకవాసి తేడా లేదు. ఉస్తాద్ వేలు ఆగింది. మళ్ళీ మొదటినుంచీ మీటాడు. పొర కమ్మిన కళ్ళు నావైపు తిప్పాడు. ఆ పెదవుల మీద ఏదో మాట మొలుస్తోంది. నాకు తెలుసు ఆ మాటేంటో. చక్రాన్ని చెవి దగ్గర పెట్టుకుని, గిర్రున తిప్పాడు.

టక్. టకటక్. గలగలగల.

"ఏందిరా, దీనికి గజ్జెలు కట్టినవా?"

మొలిచిన మాట అక్కడే ఎండిపోయింది. ఉస్తాద్ చక్రాన్ని ఒడుపుగా వంచి విదిలించాడు. వాల్వు బెజ్జంలోంచి నిప్పల్ జారి ఆయన అరచేతిలో పడింది, జిడ్డోడుతూ. రెండు వేళ్ళతో రుద్ది, వాసన చూశాడు.

"కంపెనీవాళ్ళే వదిలేసుంటారండి. చవక సరుకు కదా" అన్నారు సారు, పాపం.

"అవు సార్" అన్నాడు ఉస్తాద్ తాపీగా. "కంపెనీల గూడ మా డబ్బల గ్రీజే వాడ్తరు."

నేను నేల చూపులు చూశాను. ఉస్తాద్ సారుని సందు చివరి దాకా సాగనంపాడు. తిరిగొచ్చి, "చక్రాలకు బెండు మంచిగ తీస్తవురా. నీకెవడు తియ్యాలె?" అన్నాడు. ఆ నిప్పల్‌ని నా చేతిలో పెట్టి, "నీ చక్రం చాన సురీలా ఉండె, ఒక్క సురం తప్పలే. అదే బాధ" అన్నాడు. తిట్టినా బాగుండేది. తర్వాత నెలరోజులు నాకు పంక్చర్లే గతి. ఇంకో వారానికి కార్వాన్ నుంచి ఒక వెల్డింగ్ మేస్త్రీ కొత్త ఇనుప స్టాండు మోసుకొచ్చాడు. పాతదాని కొలతలతో సారు కోసం ఉస్తాద్ చేయించినది. పాతది ఉన్నచోటే ఉంది. ఉస్తాద్ దాన్ని ఇంకెవరికీ ఇవ్వాలనుకోలేదట, నేను అడిగితే చెప్పేవాడట.

ఇప్పుడు ఆ స్టాండు ముందు కూర్చునేది నేనే. ఉస్తాద్ కుర్చీలో కూర్చుని వింటాడు. నగరం అవతలి నుంచి ఎవరెవరో ఆన్‌లైన్ కార్బన్ రిమ్ములు తెచ్చి ఇస్తారు. ప్రతి రిమ్మునీ ముందు చెవి దగ్గర పెట్టి ఊపి చూస్తాను. ఎందుకన్నా అని దుకాణంలో పనిచేసే కుర్రాళ్ళు అడుగుతారు. అలవాటు అంటాను. ఆ ఇరవై రెండేళ్ళ కుళ్ళుబోతు గుర్తొచ్చి నవ్వొస్తుంది. వాడి మీద కాస్త జాలి కూడా, ఎందుకంటే అంత మంచి చక్రం మళ్ళీ నా చేత కాలేదు.

మొన్న గోదారి సారు చాయ్ తాగుతూ కూర్చున్నారు. ఏళ్ళ తరబడి మోసిన బరువు దించుకుందామనిపించి, నిప్పల్, గ్రీజు, ఎడమ మేకు, అంతా చెప్పేసి, "మాఫ్ చెయ్యున్రి సారూ" అన్నాను. ఆయన చాయ్ చివరి గుక్క దాకా తాగి, గ్లాసు కింద పెట్టారు.

"ఆ రోజు చేతులు కడుక్కోవడానికి వెళ్తే కుళాయిలో నీళ్ళు రాలేదు తమ్ముడూ. వెంటనే వెనక్కి వచ్చి, గడప అవతల నిలబడి నీ పనితనమంతా చూశాను. లేకపోతే బాగున్న రిమ్ము నీకెందుకిస్తానయ్యా?"