ఆషాఢంలో పాకం

సెలవులకు వచ్చిన మా మనవరాలు తిరిగి వెళ్తూ మంచం మీద ఒక నవల మరిచిపోయింది. ఊరికే నాలుగు పేజీలు తిరగేద్దామని కూర్చున్నదాన్ని, స్టవ్ మీద పాలు పొంగిపోతున్నా లేవలేకపోయాను. కన్నతండ్రి చేతిలో నరకం పడే ఒక పదిహేనేళ్ల కుర్రాడి కథ అది. వీధిలో తండ్రి బండికి స్టాండు వేసే చప్పుడును బట్టి ఆ పూట తనకెలా గడుస్తుందో వాడు పసిగడతాడు. అక్కడికి వచ్చేసరికి నా చెయ్యి దానంతటదే ఎడమ జబ్బ మీదికి పోయింది. పుస్తకం మూసేశాను, మళ్లీ తెరిచాను. వాడు బతికి బయటపడతాడో లేదో తెలుసుకోకుండా ఉండలేను, తెలుసుకునే గుండె ధైర్యమా లేదు.

మీరూ నా ఈడువారే అయితే ‘వాత పెడతాను’ అన్న మాట వినకుండా పెరిగి ఉండరు. అందరిళ్లలోనూ అది ఉత్త బెదిరింపే, అన్నవాళ్లకీ తెలుసు, పడ్డవాళ్లకీ తెలుసు. మా ఇంట్లో మాత్రం అట్లకాడ పొయ్యిలో నిజంగానే ఎర్రబడేది.

మాది అనకాపల్లి పక్కన చెరకు పండించే ఊరు. బెల్లం వండడంలో మా నాన్న ఘటికుడు. ఉడుకుతున్న పాకాన్ని ఎప్పుడు దించాలో ఆయన చెబితే తిరుగులేదని, ఎవరి పెనం పొయ్యెక్కినా ఆయన కోసమే కబురొచ్చేది. నలుగురిలో నవ్వుతూ తుళ్లుతూ ఉండే మనిషి, వరసైనవాళ్లతో వేళాకోళాలాడే మనిషి, గడప దాటి లోపలికి వచ్చాడంటే వేరే మనిషి. అన్నం మెత్తబడితే ఒక శిక్ష, నేను పైకి నవ్వితే ఒక శిక్ష, ఒక్కోసారి ఏ కారణమూ ఉండేది కాదు, అదే అన్నిటికన్నా భయం. అమ్మ అడ్డం వస్తే అమ్మకి కూడా. అందుకని కొన్నాళ్లకి అమ్మను అడ్డం రావద్దని నేనే బతిమాలుకోవడం మొదలుపెట్టాను.

ఎవరూ చూడలేదా అని మీరడగొచ్చు. అందరూ చూశారు. గానుగాడే రోజుల్లో మా వైపు కాలిన మచ్చ లేని చెయ్యి ఉండేది కాదు మరి. పెనంలో తుకతుకలాడే పాకం చిందితే ఒంటికి అంటుకుపోతుంది, పెద్దలనీ పిల్లలనీ చూడదు. నా చేతులు చూసిన ఆడవాళ్లు అయ్యో అంటూ కొబ్బరినూనె రాసేవారు, ‘పాకం కాడ జాగర్తే పిల్లా’ అని మందలించేవారు. వాళ్ల మంచితనంలో వంక పెట్టడానికేమీ లేదు. నూనె రాస్తున్న ఆ వేళ్ల కింద నేను ఊపిరి బిగబట్టి, ఇంకొక్క మాట అడుగు, ఇంకొక్కటి అడుగు అని లోపల్లోపల మొక్కుకునేదాన్ని. అడిగేవారు కాదు. నేనై చెబితే నమ్మేవారూ కాదు. చెప్పినట్టు నాన్నకు తెలిస్తే నేను మిగలనని కూడా నాకు బాగా తెలుసు. ఊరవతల కాలవ గట్టు మీద నిలబడి నీళ్లకేసి చూసిన రోజులున్నాయి, ఇంతకన్నా దాని గురించి రాయలేను.

ఒక ఏడు ఆషాఢంలో ఎలమంచిలి నుంచి మా పిన్ని వచ్చింది, అమ్మకు సొంత చెల్లెలు. నాన్న పొలం వెళ్లాడు. నాకు తలంటుతానని నూనె గిన్నె పట్టుకుని కూర్చోబెట్టి, జడ పక్కకి తీసి, మెడ మీద ఇంకా ఆరని కాలిన పుండు దగ్గర వేలు ఆపింది.

“ఏటే ఇది?”

“పాకం సిందింది పిన్నీ.”

అడిగిన వాళ్లందరికీ చెప్పి చెప్పి నోటికి అలవాటైపోయిన జవాబు, ఆలోచించకుండానే వచ్చేసింది. పిన్ని కూడా చెరకు రైతు ఇంట్లో పుట్టిందే. వాకిట్లో వాన పడుతోంది. ఆ ఏటికి బెల్లం వండడం ముగిసి, గానుగపాకలో పెనం ఉగాది నాడే కడిగి బోర్లించారు.

“ఆషాడంలో పాకమేటే?” అంది నెమ్మదిగా.

నేను జడ మళ్లీ మెడ మీదికి లాక్కున్నాను. పిన్ని అమ్మ మొహంలోకి చూసింది. అమ్మ తల దించుకుని లోపలికి వెళ్లి, నా పరికిణీలు రెండు గుడ్డసంచిలో పెట్టి తెచ్చింది.

మేము గుమ్మం దిగేసరికి నాన్న ఎదురొచ్చాడు. పిన్ని నా చెయ్యి విడవకుండా నడివీధిలో నిలబడి, నాలుగిళ్లకీ వినబడేలా, “బావా, నీ కూతుర్ని ఎత్తుకుపోతన్నాను. నాకు తోడుకి పంపనంటే సెప్పు, మరదలంటే ఇంతేనా అని ఊరంతా సెప్పుకుంటాది” అని పకపకా నవ్వింది. అరుగుల మీద వాళ్లూ నవ్వారు. నలుగురిలో నవ్వే మనిషి కదా, నాన్న కూడా నవ్వక తప్పలేదు. నన్ను పట్టుకున్న పిన్ని చెయ్యి మాత్రం చెమటతో తడిసిపోయింది. బస్సు ఊరు దాటే దాకా నేను వెనక్కి చూస్తూనే ఉన్నాను.

నేను మళ్లీ ఆ ఇంటికి వెళ్లలేదు. ఏడాదికొకసారి అమ్మే వచ్చి నన్ను చూసుకునేది. పిన్ని అమ్మ చేతులు పట్టుకుని చూస్తే, “పాకమే సెల్లీ” అనేది, బయట ఊరూరా గానుగలు ఆడుతూ ఉండేవి, కాదనడానికి పిన్నికి వీలుండేది కాదు. మాతోనే ఉండిపొమ్మంటే, పొయ్యి దగ్గర పనుందని సాయంత్రం బస్సుకే వెళ్లిపోయేది.

నవల పూర్తి చేశాను. ఆ కుర్రాడు బయటపడ్డాడు, నాకు ఏడుపొచ్చింది. వాడి తల్లి ఏమైందో చివరి పేజీ దాకా వెతికాను, రాయలేదు.

ఇప్పుడు మా ఊళ్లో గానుగపాకలు పోయి ప్లాట్లు పడ్డాయి, పొద్దున్నే పిల్లలు పరవాడ మందుల కంపెనీల బస్సులెక్కి పోతున్నారు. ఒంటి మీద కాలిన మచ్చ కనబడితే ఏమిటని అడగడానికి మనుషులున్నారు, ఫోను చేయడానికి నంబరుందట, మా మనవరాలు చెప్పింది. మంచిదే. పాకం చిందిందని చెప్పినా ఈ రోజుల్లో ఎవరూ నమ్మరు. నేను మాత్రం అప్పుడప్పుడూ లెక్క వేసుకుంటూ ఉంటాను, అమ్మ అన్నేళ్లూ నన్ను చూడటానికి గానుగాడే రోజుల్లోనే వచ్చింది. ఆషాఢంలో ఒక్కసారి కూడా రాలేదు.