గీతకొకసారి

వీధిలో సగం దుకాణాల పేర్లు ఆయన చేతిలోనే పుట్టాయి. బోర్డులు రాయడం ఇరవై ఎనిమిదేళ్లుగా ఆయన పని. సన్న బ్రష్షు చేతిలో, లావు బ్రష్షు పళ్ల మధ్య. ఇక ఊపిరికి మిగిలేది ముక్కొక్కటే. అదేమో రంగుల ఘాటుకు పొద్దెక్కేసరికి దిబ్బడేసేది. ఎప్పుడో జలుబుకని కొన్న స్ప్రే జేబులోనే కాపురం పెట్టింది. పొడుగు గీత లాగే ముందు ఒక్కసారి ముక్కులో కొట్టుకుంటే తలలో కిటికీ తెరిచినట్టుండేది.

ఆ ఎండాకాలం నుంచి నిచ్చెనెక్కితే గుండె దడదడలాడసాగింది. అరచేతులు చెమర్చేవి. కాళ్ల కింద నేల ఇంకా లోతుకు జారుతున్నట్టుండేది. బట్టల కొట్టు బోర్డు మీద ఒక కొమ్ము వంకరపోయింది. చెరిపి రాశాడు, మళ్లీ వంకరే. ఇక తన పనైపోయిందనుకున్నాడు. ఎత్తు బోర్డులు ఎవరడిగినా తీరిక లేదనేవాడు, తీరిగ్గా కూర్చుని మరీ.

భార్య ఊరుకోలేదు. "తీరిక లేని మనిషి మధ్యాహ్నం దాకా కాళ్లూపుకుంటూ కూర్చుంటాడా?" అంటూ డాక్టరమ్మ దగ్గరికి లాక్కుపోయింది.

ఈసీజీ బాగానే ఉంది. డాక్టరమ్మ నాడి చూస్తుండగా ఆయన అలవాటుగా స్ప్రే తీసి కొట్టుకున్నాడు.

"రోజుకెన్నిసార్లు?"

"గీతకొకసారండీ."

"గీతలెన్ని?"

"పెద్ద బోర్డైతే ఇరవై."

భార్య తల కొట్టుకుంది. "ఇంకా నయం, చుక్కలక్కూడా కొట్టుకోలేదు!"

డాక్టరమ్మ నవ్వలేదు. "ఈ మందు రక్తనాళాల్ని బిగించి ముక్కు తెరుస్తుంది. అతిగా వాడితే కొందరికి ఒంట్లోకి దిగి గుండెను పరుగెత్తిస్తుంది. గుండె పరుగెడితే మనసు కారణం వెతుక్కుంటుంది. మీకు నిచ్చెన దొరికింది. ముక్కు మళ్లీ మళ్లీ మూసుకుపోవడమూ దీనివల్లే కావచ్చు."

ఇంటికి నడుస్తూ ఆయన జేబులోని స్ప్రేను తడుముకున్నాడు. భయం లోపల పుట్టేదనే ఇన్నాళ్లూ నమ్మాడు. అది బయటినుంచి తుంపర్లుగా వెళ్లి, తన గొంతుతోనే మాట్లాడగలదని తెలీదు.

డాక్టరమ్మ చెప్పినట్టు ముందు ఒక ముక్కురంధ్రంలో మానేశాడు, తర్వాత రెండోదాన్లో. మూడు వారాలు నోరు తెరుచుకుని నిద్రపోయాడు. లావు బ్రష్షు చెవి మీదికి చేరింది.

తర్వాత చెప్పుల కొట్టు బోర్డు ఒప్పుకున్నాడు. భార్య నిచ్చెన పట్టుకుంది. ఏడో మెట్టు మీద గుండె దడదడమంది. ఆగాడు. కాసేపు కొట్టుకుని, ఎండకు తడి ఆరినట్టు దానంతటదే సర్దుకుంది.

"ఏమైందండీ?"

"కొంచెం భయమేసింది. ఇది అసలుదేనే."

"అసలుదైతే మంచిదే. గట్టిగా పట్టుకుని రాయండి."

ఆయన ఊపిరి పీల్చి, పైనుంచి కిందికి గీత లాగాడు.