ఎక్కడికని అడక్కూడదు

మా ఇంట్లో బయల్దేరుతున్న మనిషిని ఎక్కడికని అడక్కూడదు. అడిగితే వెళ్లే పని చెడుతుందని మా అమ్మ నమ్మకం. నమ్మకం అన్నానుగానీ, మాకది చట్టం. మరీ తెలుసుకోవాలనిపిస్తే "దూరమా?" అని ఊరుకోవాలి. చెప్పాలనుకుంటే వాళ్లే చెబుతారు. నా చిన్నప్పుడు ఒకసారి పక్కింటావిడ గేటు దగ్గర మా నాన్నని చూసి, నోరు జారి, "ఎక్కడికండీ అన్నయ్యగారూ?" అనేసింది. అమ్మ ఆయన్ని వెనక్కి పిలిచి, వరండాలో కూర్చోబెట్టి, గ్లాసుడు మంచినీళ్లు తాగించి, అప్పుడు మళ్లీ పంపింది. ఈలోగా బస్సు వెళ్లిపోయింది. "చూశావా, అడిగిందిగా మరి!" అంది అమ్మ. ఆ తరవాత చాలా రోజులు పక్కింటావిడతో ముభావంగానే ఉంది.

కాకినాడ నాటి ఆ చట్టం కెనడాలో, మిస్సిసాగాలోని మా టౌన్‌హౌస్‌లో కూడా అమల్లో ఉంది. నాన్న పోయాక అమ్మ మా దగ్గరికి వచ్చేసింది. మావారు కారు తాళాలు తీసుకుంటే నేను ఎక్కడికని అడగను. మా అమ్మాయికి పదేళ్లు. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే వస్తుంది. నా మాట ఒక్కటీ వినని ఆ పిల్ల కూడా ఈ ఒక్క నియమం పాటిస్తుంది, అమ్మమ్మకి భయపడి.

పోయిన చలికాలంలో అమ్మకి మరుపు మొదలైంది. ముందు కళ్లజోడు, తరవాత పొయ్యి మీద పాలు, ఆ తరవాత మా వీధి. డాక్టరు దానికి ఒక పేరు చెప్పాడు. తగ్గేది కాదన్నాడు. బయటికి తీసుకెళుతూ ఉండండి, నలుగురిలో తిరిగితే ఆవిడకి బావుంటుంది అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అంత చదువూ చదివి చెప్పేది ఇదా? కానీ చేయడానికి ఇంకేమీ లేదు కాబట్టి ఆ మాటే పట్టుకున్నాను. మార్చి బ్రేక్‌లో పిల్లకి స్కూలు ఉండదు. నేనూ ఆ వారమంతా లీవు పెట్టాను. అమ్మని తిప్పితే మా అమ్మ నాకు తిరిగి వస్తుందనుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే తెలివితక్కువగా ఉందిగానీ, అప్పుడు గట్టిగానే నమ్మాను.

సోమవారం మేపుల్ తోటకి టికెట్లు తీశాం. అమ్మకి చీర మీద లావుపాటి కోటు తొడిగి, కాళ్లకి బూట్లు ఎక్కించి, అందరం తలుపు దగ్గరికి చేరేసరికి మా అమ్మాయి తుమ్మింది.

"ఆగండర్రా! కూర్చోండి. మంచినీళ్లు తాగి కదలండి," అంది అమ్మ.

టికెట్ల మీద వేళ వేసి ఉంటుంది, ఆ వేళ దాటితే లోపలికి రానివ్వరు. మావారు గడియారం చూసుకున్నారు. నాకైతే ఎగిరి గంతేయాలనిపించింది. తుమ్ము గుర్తుంది, మంచినీళ్లు గుర్తున్నాయి, ఇక నాకేం కావాలి? అందరికంటే ముందు నేనే మెట్ల మీద కూర్చున్నాను. బూట్లతో సహా.

ఫోర్ నాట్ వన్ హైవే ఎక్కాక, పెద్ద పెద్ద ట్రక్కుల మధ్య, అమ్మ కిటికీలోంచి చూస్తూ అడిగింది.

"ఎక్కడికే వెళ్తున్నాం?"

అద్దంలో మావారి కళ్లు నన్ను వెతికాయి. పుట్టి బుద్ధెరిగాక అమ్మ నోటి వెంట ఆ మాట నేను వినలేదు.

"దూరమేనమ్మా," అన్నాను.

కాసేపటికి మళ్లీ అడిగింది. మళ్లీ అడిగింది.

"మేపుల్ ఫార్మ్‌కి, అమ్మమ్మా. వియ్ ఆర్ గోయింగ్ టు ఎ మేపుల్ ఫార్మ్," అంది మా అమ్మాయి.

"నువ్వు ఊరుకో!" అని కసిరాను.

"షి ఈజ్ ఆస్కింగ్, అమ్మా. వై కాంట్ ఐ టెల్ హర్?"

ఎందుకు చెప్పకూడదో నాకూ తెలియదు. చెబితే అమ్మ అడిగిందని ఒప్పుకున్నట్టవుతుంది. అంతకంటే వేరే కారణం నా దగ్గర లేదు.

తోటలో మాత్రం బావుంది. చెట్లకి చిన్న చిన్న బకెట్లు కట్టి ఉన్నాయి, వాటిలోకి నీళ్లలాంటి రసం బొట్లుబొట్లుగా పడుతోంది. ఒక షెడ్డులో ఆ రసాన్ని మరగబెడుతున్నారు. అందరికీ రుచి చూడమని చిన్న కప్పుల్లో పోసి ఇచ్చారు. అమ్మ ఒక చుక్క బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి, వేళ్లు విడదీసి చూసింది. "లేతపాకం. ఇంకా తీగ రాలేదు, అప్పుడే దింపేశారు," అని పెదవి విరిచింది. అరిసెల పాకం పట్టేటప్పుడు ఎలా ఉండేదో అలాగే ఉంది ఆ మొహం. మావారు పడీ పడీ నవ్వారు. నేను కోటు చేతిలోకి మొహం దాచుకుని ఏడ్చాను. సంతోషంతోనే.

ఆ సంతోషం బుధవారం దాకా ఉంది.

బుధవారం నయాగరా. పులిహోర నేనే కలిపాను. పోపు నేనే పెడతానని అమ్మ పట్టుబట్టి పెట్టింది. దాంతోపాటు ఉప్పు కూడా మళ్లీ వేసిందని దారిలో తింటుంటే తెలిసింది. మా అమ్మాయి నీళ్ల సీసా మొత్తం తాగేసింది.

పార్కింగ్‌లో కారు ఆగాక అమ్మ దిగనంది. గాలి నిజంగానే దుర్మార్గంగా ఉంది. చెవులు తెగిపోయేలా వీస్తోంది. కానీ అమ్మ గాలి గురించి అనడం లేదు.

"నన్ను ఇంటి దగ్గర దింపేయండి. పిల్ల స్కూలు నుంచి వచ్చే వేళైంది. తలుపు తాళం వేసి ఉంటే ఏడుస్తుంది."

"ఐ యామ్ హియర్, అమ్మమ్మా," అంది మా అమ్మాయి.

అమ్మ దాన్ని చూసి నవ్వి, కాదన్నట్టు తల ఊపింది. ఆ పిల్ల వేరే. ఆ పిల్లకి రెండు జడలు, సాయంత్రానికి ఒక రిబ్బను ఎక్కడో పారేసుకుని వస్తుంది. రోజూ తిట్లు తింటుంది. ఆ రిబ్బన్లన్నీ నావే.

మావారిని పిల్లతో జలపాతం దగ్గరికి పంపించి నేను కారులో ఉండిపోయాను. హీటర్ చప్పుడు తప్ప ఏమీ లేదు. దూరంగా తెల్లగా నీటిపొగ లేస్తోంది. ఖాళీ పులిహోర డబ్బా అమ్మ ఒళ్లో ఉంది.

"అమ్మా, ఆ పిల్లని నేనే," అన్నాను.

అమ్మ నావైపు తిరిగింది. చాలా మర్యాదగా చూసింది. బస్సులో పక్క సీటులో కూర్చున్నావిడ వైపు చూసే చూపు.

"అలాగాండీ?" అంది. నా మనసు కష్టపెట్టకూడదని కాబోలు, "మీదే ఊరమ్మా?" అని అడిగింది.

నన్ను ఒసేయ్ అంది, దరిద్రప్పీనుగా అంది, కోపమొస్తే చీపురు తిరగేసింది. మీరు అనడం మాత్రం అదే మొదలు. కన్నతల్లి మీరు అంటే ఏం జవాబు చెప్పాలి? "కాకినాడండీ," అన్నాను. అమ్మ మొహం విప్పారింది. "అయ్యో, మాదీ కాకినాడే!" అంది. ఆ తరవాత చాలాసేపు నాకు నా చిన్నప్పటి వీధి గురించి వివరంగా చెప్పింది.

ఆ రాత్రి మా అమ్మాయి నా దగ్గరికి వచ్చి, నేలవైపు చూస్తూ, "కెన్ వి గో సమ్‌వేర్, జస్ట్ యు అండ్ మి? వన్ డే?" అంది. వారమంతా దాన్ని కసురుతూనే ఉన్నాను. సెలవులు దానివి. అమ్మని తిప్పడంలో పడి ఆ సంగతే మర్చిపోయాను. "శుక్రవారం. మనిద్దరమే. స్కేటింగ్," అని మాటిచ్చాను. అది నన్ను గట్టిగా పట్టుకుంది.

శుక్రవారం అమ్మ దగ్గర మావారు ఉండేట్టు ఏర్పాటు. పిల్ల పొద్దున్నించీ కోటు వేసుకుని తిరుగుతోంది. మేం తలుపు తీయబోతుంటే అమ్మ సోఫాలోంచి లేచి వచ్చింది.

"ఎక్కడికి?"

నేను మెట్ల మీద కూర్చున్నాను. కాళ్లే కూర్చోబెట్టాయి, నాకు ఆలోచించే వ్యవధి లేదు. పిల్ల వెళ్లి గ్లాసుతో మంచినీళ్లు తెచ్చింది. తాగి లేచాను.

"ఎక్కడికండీ?" అంది అమ్మ.

మళ్లీ కూర్చున్నాను. మళ్లీ తాగాను. లేచాను. మళ్లీ అడిగింది. గొంతులో కంగారు పెరుగుతోంది. తలుపు గొళ్లెం మీద ఉన్న నా చెయ్యి పట్టుకుంది.

"ఎక్కడికండీ వెళ్లిపోతున్నారు?"

"అత్తయ్యగారూ, నేనున్నాను కదండీ, రండి," అన్నారు మావారు. అమ్మ ఆయన వైపు చూడనైనా చూడలేదు.

"అమ్మా, ప్లీజ్. కెన్ వి జస్ట్ గో?" అంది మా అమ్మాయి. దాని మొహం ఎర్రబడింది. ఒక చెయ్యి అమ్మ పట్టుకుని ఉంది, రెండో చెయ్యి ఇది లాగుతోంది. ఎవరి చెయ్యి విదిలించుకోను?

"మీరు తీసుకెళ్లండి," అన్నాను మావారితో. పిల్ల నా చెయ్యి వదిలేసింది. జిప్పు గడ్డం దాకా లాక్కుని బయటికి వెళ్లిపోయింది. బై కూడా చెప్పలేదు. వెళ్లొస్తానని చెప్పి వెళ్లమని నేనూ అనలేకపోయాను. కారు వెనక్కి వెళ్లి, మలుపు తిరిగి, కనపడకుండా పోయింది.

"ఎక్కడికండీ?" అంది అమ్మ.

"ఎక్కడికీ లేదండీ," అన్నాను.

అమ్మ నెమ్మదించింది. నా కోటు తనే విప్పి, కుర్చీ మీద వేసింది. "మంచిది. కూర్చోండి. మా అమ్మాయి వచ్చే వేళైంది. వచ్చాక అందరం టీ తాగుదాం," అంది.

సోఫాలో ఆవిడ పక్కన కూర్చున్నాను. ఇద్దరం తలుపువైపు చూస్తూ ఆ పిల్ల కోసం ఎదురుచూశాం.