అంగుళమున్నర జీడితోట

ఈ ఉదయం నౌపడ నుంచి మేనత్త ఫోన్ చేసింది. "ఒరే, మన జీడిసెట్లకి ఎవలో తెల్లరంగుతో అంకెలేసి ఎలిపోనారు. సదువుకున్నోడివి, అదేటో సెప్పు," అంది. ఫోన్ చెవిన పెట్టుకునే బీరువా మీది బిస్కట్ డబ్బా దించాను. అందులో మా అత్త తోట ఉంది. అయిదేళ్ళుగా ఉంది.

చేసింది మా చిన్నాన్న. రాజాంలో ఉంటూ కాలేజీ ప్రాజెక్టులకీ, ఇళ్ళస్థలాల వెంచర్లకీ నమూనా చెట్లు చేసేవాడు. కాలిపోయిన మోటార్ల రాగితీగ మెలిపెడితే కొమ్మలు, జిగురు రాసి రంగు రంపపుపొట్టు అద్దితే ఆకులు. జిల్లాలో ఆయనంత అడవి పెంచినవాడు లేడు. కాకపోతే అంతా అంగుళమున్నర ఎత్తు. అసలు చెట్టు చూడందే బొమ్మచెట్టు చెయ్యడు. జీడిచెట్లంటే బస్సెక్కి అక్క తోటకే పోయేవాడు. సముద్రపు గాలికి వాలినదాన్నీ, పిడుగుకి చీలినదాన్నీ అలాగే తీగలో దించేవాడు. "పెళ్ళిసూపుల్లో కూడా ఇంతసేపు సూడనేదురా నువ్వు," అనేది అత్త.

ఒకసారి ఏదో కంపెనీవాళ్ళు నమూనా అడిగారు. ఏం కడతారో చెప్పలేదు గాని, చెట్లు బాగా రావాలన్నారు. వాళ్ళిచ్చిన పటంలో ఉప్పుమడుల వంపూ, కాలవా, నుయ్యీ చూసి చిన్నాన్న మురిసిపోయాడు. అక్క తోట! ఏ చెట్టుని ఆ చెట్టు చోటనే నాటాడు. తీసుకెళ్ళడానికొచ్చిన పెద్దమనిషి తెగ మెచ్చుకున్నాడు. మెచ్చుకుంటూనే పెన్ను మూతతో తోట చుట్టూ గీత గీసి, "ఇవి తీసేయండి. ఇక్కడ కాంక్రీటు వస్తుంది, బూడిదరంగు అట్ట చాలు," అన్నాడు.

చిన్నాన్న ఒక్కొక్కటే పీకి, పక్కనే ఉన్న నా చేతిలో పెట్టాడు. "నీకాడ ఉంచు. అక్కకి సెప్పకు. బొమ్మే కదా," అన్నాడు. నేనూ బొమ్మే కదా అనుకున్నాను. ఆ తర్వాత ఆయన చెట్టు చెయ్యలేదు. నిరుడు పోయేదాకా చూపు తగ్గిందనే చెప్పాడు.

"ఎంతవరకు అంకెలేశారత్తా?"

"నలభై ఒకటి."

డబ్బాలోవి లెక్కపెట్టే అవసరం లేదు. అయినా పెట్టాను. నలభై ఒకటే.

"ఫోన్లో చెప్పేది కాదత్తా. వస్తన్నాను."

"రా రా. ఈయేడు కాపు బాగున్నాది."

రాబోయే రోజు ఎక్కడో దూరంగా ఉంటుందనుకుంటాం. మా అత్త తోటకి రాబోయే రోజు అయిదేళ్ళుగా నా బీరువా మీదే, మూత పెట్టి ఉంది.