నాంచారయ్యకి పడిన రాయి

1961 ఎండాకాలం. నూజివీడులో ఒక డాక్టరు గారి దగ్గర నేను కాంపౌండరుగా చేరి అప్పటికి ఏడేళ్ళయింది. ఈ కాలం పిల్లలకి కాంపౌండరంటే ఎవరో తెలియదు. డాక్టరు గారు చీటీ మీద రాసిన మందులు కొలిచి, కలిపి, సీసాలో పోసి, డోసు గుర్తుల కాగితం అంటించి ఇచ్చేవాణ్ణే కాంపౌండరు అనేవారు. ఇంజెక్షన్లు చేసేవాణ్ణి, కట్లు కట్టేవాణ్ణి. అన్నిటికంటే ఎక్కువగా సలహాలిచ్చేవాణ్ణి. లోపల డాక్టరు గారు ముక్తసరిగా రెండు మాటలు చెబితే, బయట బల్ల దగ్గర నేను ఇరవై చెప్పేవాణ్ణి. "మీరు చెబితేనే మాకు బోధపడుద్దండీ" అనేవాళ్ళు జనం. అబ్బో, ఆ మాటకి నేను ఎంత పొంగిపోయేవాణ్ణో!

మామిడికాయ కోతల రోజుల్లో మాకు కొన్ని కేసులు ఖాయంగా వచ్చేవి. సొన పడి మొహం పొక్కినవాళ్ళు, కొమ్మ విరిగి పడినవాళ్ళు, నడుం పట్టుకుని మెలికలు తిరుగుతూ వచ్చేవాళ్ళు. ఈ నడుం నొప్పి వాళ్ళలో సగం మందికి కిడ్నీలో రాళ్ళే. దానికి కారణం వాళ్ళ పని తీరులోనే ఉంది. కోతకి పొద్దున్నే చెట్టెక్కిన మనిషి ఎండ నడినెత్తికొచ్చేదాకా దిగడు. చిక్కం, అంటే వెదురు గడకి కట్టిన వల సంచి, పట్టుకుని కొమ్మ కొమ్మకీ తిరుగుతూనే ఉంటాడు. మధ్యలో నీళ్ళకోసం దిగితే నామోషీ. పోనీ ముందే తాగి ఎక్కుతాడా అంటే అదీ లేదు. కింద ఆడవాళ్ళు కాయలు ఏరుతుంటారు, పైన ఒంటేలుకి వస్తే ఎక్కడికి పోతాడు? అందుకని దాహాన్ని మింగేయడమే వాళ్ళకి అలవాటు.

నాంచారయ్య అలాంటి ఒక కోత ముఠాకి మేస్త్రి. విస్సన్నపేట దారిలో ఒక తోటలో పని. నలభై ఏళ్ళుంటాయి, ఉక్కులాంటి మనిషి. అలాంటివాణ్ణి ఒకరోజు ఎడ్లబండిలో పడుకోబెట్టి తీసుకొచ్చారు. ఎడమ పక్క నడుంలో మొదలైన పోటు గజ్జల్లోకి దిగుతోంది. వాంతులు. మూత్రంలో రక్తం. "అయ్యా, చంపెయ్యండయ్యా" అని ఒకటే అరుపు. పక్కన అతని భార్య కోటమ్మ బండి పట్టుకుని నిలబడి ఉంది. ఇంజెక్షన్ చేశాక అరగంటకి శాంతించాడు.

బెజవాడ పంపించి ఎక్స్‌రే తీయించాం. కిడ్నీ నుంచి మూత్రాశయానికి వచ్చే సన్నటి గొట్టాన్ని యురేటర్ అంటారు. అందులో శనగగింజంత రాయి ఇరుక్కుని ఉంది. డాక్టరు గారు ఫిల్మ్‌ని కిటికీ వెలుగులో పెట్టి చూసి, "మూడు వారాలు చూద్దాం నాంచారయ్యా. నీళ్ళు బాగా తాగు. పడితే సరే. పడకపోతే గుంటూరు వెళ్ళి ఆపరేషన్ చేయించుకోవాలి. దారి మూసుకుపోయిందంటే కిడ్నీయే పాడైపోతుంది" అన్నారు.

ఆయన చెప్పింది అంతే. ఇక బయట నా వంతు. అప్పటికే నాంచారయ్యకి తలో మందూ చెప్పేశారు జనం. కొండపిండి ఆకు కషాయం తాగమన్నారొకరు. అరటి దూట రసం అన్నారు ఇంకొకరు. చెట్టు మీంచి రోజుకి పదిసార్లు దూకితే రాయి అదే జారిపోతుందన్నాడట ఒక మహానుభావుడు! కోటమ్మ అవన్నీ ఏకరువు పెట్టి ఏది మంచిదని అడిగింది. డాక్టరు గారికి వినబడి లోపలినుంచే, "దూకడం ఒక్కటీ వద్దు. మిగతావి తాగితే తాగనీ. ఏ పేరుతోనైనా సరే నీళ్ళు లోపలికి వెళ్ళాలి" అన్నారు. నేనూరుకుంటానా? మా అత్తగారి వైద్యం కూడా జతచేశాను. "రోజూ ఉలవకట్టు కాచి పొయ్యి. రాయిని పిండి చేసేస్తుంది."

మూత్రాన్ని పల్చటి గుడ్డలో వడకట్టి చూసుకోవాలనీ, రాయి పడితే గుడ్డలో దొరుకుతుందనీ చెప్పాను. కోటమ్మ వెళ్ళినట్టే వెళ్ళి మళ్ళీ వెనక్కొచ్చింది.

"ఆపరేషన్ తప్పదాండీ, కాంపౌండరు గారూ?"

"రాయి పడితే ఆపరేషనెందుకమ్మా? రాయి తెచ్చి నా చేతిలో పెట్టు. గుంటూరు మాటే ఎత్తను."

నవ్వుతూనే అన్నాను. ఆమె నవ్వలేదు. ఆ సంగతి నాకు తరవాతెప్పుడో తట్టింది.

పద్దెనిమిదో రోజున మొగుడూ పెళ్ళాం వచ్చారు. ఆ పూట డాక్టరు గారు ఊళ్ళో లేరు. నాంచారయ్య మొహం వెలిగిపోతోంది. వారం నుంచీ నొప్పి తగ్గుతూ వచ్చిందట, నిన్న గుడ్డలో రాయి దొరికిందట. తువ్వాలు కొంగున కట్టుకున్న ముడి విప్పి చూపించాడు. ఎర్రమట్టి రంగులో, నున్నగా, చిన్నగా ఉంది. ఎక్స్‌రేలో శనగగింజంత కదా, ఇదేంటి ఇంతే ఉందనిపించింది. మన ఉలవకట్టుకి అరిగిపోయి ఉంటుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. "చూశావా, నేను చెప్పలా!" అని అతని భుజం కూడా చరిచాను. కేసు కాగితం మీద రాయి పడిందని రాసేశాను. కోటమ్మ తలెత్తలేదు. సిగ్గనుకున్నాను.

డాక్టరు గారు వచ్చాక కాగితం చూసి, "ఎందుకైనా మంచిది, ఇంకోసారి ఎక్స్‌రే తీయిద్దాం" అన్నారు.

"రాయి నా కళ్ళతో చూశానండీ. కోతలు జోరుగా ఉన్నాయి, పాపం మళ్ళీ బెజవాడ ఎందుకు?" అన్నాను. నా మాట మీద నమ్మకంతో ఆయన ఊరుకున్నారు.

ఆ తరవాత ఒక ఆదివారం. మా ఆవిడ అనసూయ అరుగు మీద చేట పెట్టుకుని ఉలవలు బాగుచేస్తోంది. నేను పక్కనే కూర్చుని కాఫీ తాగుతున్నాను. ఏరిన రాళ్ళు ఒక పక్కన పెడుతోంది. చూద్దును కదా, ఎర్రమట్టి రంగులో, నున్నగా, ఉలవగింజంత! ఒకటి తీసుకుని అరచేతిలో పెట్టుకున్నాను. అచ్చం అదే.

డాక్టరు గారి బీరువాలో వేరే రోగులకి పడిన రాళ్ళు రెండు సీసాలో ఉండేవి. రోజూ దుమ్ము తుడిచేది నేనే. పల్లేరుకాయల్లా గరుకుగా ఉండేవి. ఒక్కసారి పోల్చి చూసుకుని ఉంటే సరిపోయేది కదా! చూస్తేనా?

"ఏమైందండీ?" అంది అనసూయ. గబగబా చెప్పులేసుకుని డాక్టరు గారింటికి పరిగెత్తాను. జరిగింది జరిగినట్టు చెప్పేశాను. ఆయన నన్ను తిడితే బాగుండుననిపించింది. తిట్టలేదు.

"నొప్పి తగ్గిందంటే రాయైనా పడి ఉండాలి, లేదా ఆ కిడ్నీ పనైనా మానేస్తూ ఉండాలి. ఎన్నాళ్ళయింది?"

"పదకొండు రోజులండీ."

"సైకిలుందిగా, వెళ్ళు."

ఆ ఎండలో ఎలా తొక్కానో నాకే తెలియదు. తోటలో నాంచారయ్య బంగినపల్లి చెట్టు చిటారుకొమ్మన ఉన్నాడు. కింద కోటమ్మ కాయల్ని సొన కారిపోయేలా తొడిమలు కిందికి పెట్టి గడ్డిమీద పేరుస్తోంది. నన్ను చూడగానే ఆమె చేతిలో కాయ జారింది.

నేను అరవలేదు. దగ్గరికెళ్ళి మెల్లిగా అడిగాను. "కోటమ్మా, ఆ రాయి ఉలవల్లోదేనా?"

ఆమె అక్కడే కూలబడిపోయింది. "మా అన్న వరిబీజం ఆపరేషన్‌కని నవ్వుతా వెళ్ళాడండీ. శవాన్ని బండిలో కట్టుకుని తెచ్చారు. మావని కూడా అట్టా పంపమంటారా? రాయి పడితే చాలన్నారుగా మీరు. ఎటూ నొప్పి తగ్గింది, రాయి లోపలే పిండైపోయిందేమో, గుడ్డలో ఒకటి కనబడితే ఎవరూ గుంటూరు అనరు కదా అనుకున్నా. ఆ దేవుడి తోడు, మావకి కూడా తెలవదండీ."

రాయి తెచ్చి చేతిలో పెట్టమన్నది నా నోరే. ఏడేళ్ళుగా వాగిన నోరది.

చివరికి ఆమే లేచి కళ్ళు తుడుచుకుని, "మావా, దిగు" అని కేకేసింది.

"ఈ కొమ్మ అయిపోనీయే!"

"దిగమంటే దిగు!"

ఆ గొంతులో ఏం వినపడిందో, అతను వెంటనే దిగాడు. కోటమ్మే చెప్పింది, ఒక్క ముక్క దాచకుండా. కొడతాడేమోనని నేను మధ్యలోకి జరిగాను. నాంచారయ్య తువ్వాలు ముడి విప్పాడు. పదకొండు రోజులుగా తోట తోటకీ చూపించుకుంటూ తిరిగిన రాయి అది. కాసేపు చూసి గడ్డిలో పారేశాడు.

"నీకు భయమేసిందని నాతో ఒక్క మాట చెప్తే సరిపోయేదిగా, కోటీ. నాకూ భయంగానే ఉందని చెప్పేవాణ్ణి" అన్నాడు.

మర్నాడే గుంటూరు వెళ్ళారు. డాక్టరు గారిని బతిమాలి సెలవు తీసుకుని నేనూ వెళ్ళాను. ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ కోటమ్మ నా చొక్కా చెయ్యి పట్టుకునే ఉంది. వదలమని చెప్పడానికి మనసు రాలేదు. శనగగింజంత, ముళ్ళ ముళ్ళుగా ఉన్న రాయి తీశారు. కిడ్నీ బాగా ఉబ్బిందనీ, ఇంకో నెల ఆగి ఉంటే దాన్నే తీసేయాల్సి వచ్చేదనీ సర్జను గారు చెప్పారు. ఆ మాట విన్నాక ఆసుపత్రి వెనక్కి వెళ్ళి ఏడ్చేశాను. చెప్పుకోవడానికి సిగ్గేం లేదు.

మరుసటి ఏడాది కోతలకి నాంచారయ్య మళ్ళీ చెట్టెక్కాడు. ఈసారి చెట్టు మీద నుంచి ఒక తాడు వేలాడుతూ ఉండేది, దాని చివర నీళ్ళ సొరకాయ బుర్ర. ఖాళీ అయితే తాడు కిందికి వదిలేవాడు, కోటమ్మ నింపి పంపేది. ఒంటేలుకి దిగితే మొదట్లో కుర్రాళ్ళు నవ్వారు. మేస్త్రే దిగుతుంటే ఎన్నాళ్ళు నవ్వుతారు? రెండో వారానికి ముఠా అంతటికీ తాళ్ళు వేలాడాయి.

రాళ్ళ మాట వచ్చినప్పుడు నేను గరుకుదేదో నున్నదేదో చూడటం నేర్చుకున్నాను. అది ఎవరైనా నేర్చుకోగలరు. ఆ వేళ వెనక్కి తిరిగొచ్చిన కోటమ్మ, ఆపరేషన్ తప్పదా అని నన్నడిగింది. అది ప్రశ్న కాదు, భయం. నేను దానికి జవాబిచ్చి పంపేశాను.

ఆ తరవాత ఇరవై రెండేళ్ళు అదే బల్ల దగ్గర పనిచేశాను. మందు సీసా చేతికిచ్చాక కూడా ఎవరైనా గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొస్తే, చేతిలో పని ఆపేసి ముందు స్టూలు జరిపేవాణ్ణి.

"కూర్చోమ్మా. ఏం భయం నీకు, చెప్పు" అనేవాణ్ణి.