పైకి రాని మనిషికి నాగా లేదు

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఆఫీసర్ల మీద అంతకన్నా లేదు. అయినా ఒక ఆదివారం పట్టపగలు, లైట్లన్నీ వెలుగుతున్న గదిలో, కంప్యూటర్ ముందు కూర్చుని నేను గజగజ వణికాను. ఏసీ చలికి అని అప్పుడు సర్దిచెప్పుకున్నాను గానీ, చలికి ఎవరికీ వెనక్కి తిరిగి చూడడానికి భయం వేయదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. ఇల్లందుకూ టేకులపల్లికీ మధ్య అడవి అంచున ఉన్న ఒక బొగ్గు కంపెనీ ఆఫీసులో, కంప్యూటర్ సెక్షన్‌లో పనిచేసేదాన్ని. కార్మికుల పేర్లు, హాజరు, దవాఖానా కార్డులు అన్నీ ఒక పాత మెయిన్‌ఫ్రేమ్‌లో ఉండేవి. బీరువాలంత పెట్టెలు, గిర్రున తిరిగే టేపులు. బయట రోడ్డు మీద తారు కరుగుతుంటే లోపల మేం స్వెట్టర్లు వేసుకుని కూర్చునేవాళ్ళం. ఆ మెషిన్‌ను మూసేసి, అందులోని సమాచారమంతా కొత్త సర్వర్లలోకి ఎక్కించమని పైనుంచి ఆర్డరు వచ్చింది.

ముందు పరీక్షగా ఒకసారి ఎక్కించి చూశాం. తేడాలున్న రికార్డులను కొత్త సిస్టమ్ తీసి పక్కన పెట్టింది. వాటిలో నా ఉద్యోగి నంబరు కూడా ఉంది. తెరిచి చూస్తే ఉద్యోగి పేరు నాదే, పుట్టిన తేదీ నాదే. కింద 'భార్య' అన్నచోట మా అమ్మ పేరు ఉంది.

"వండిపెట్టే భార్య దొరికింది చెల్లె, ఇంకేం గావాలె నీకు" అన్నాడు మా ఆపరేటర్ భాయ్. ఇల్లందు బజారులో వాళ్ళది తాతల నాటి బట్టల దుకాణం. గుడ్డ కొలవడం ఇష్టం లేక టేపులు ఎక్కించే ఉద్యోగానికి వచ్చాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

అలా ఎందుకైందో నాకు తెలుసు. మా వైపు గనిని బాయి అంటారు. బాయిలో మనిషి పోతే ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇచ్చేవాళ్ళు. మా ఆఫీసులో దానితో పాటు పోయినవాడి నంబరు కూడా ఇచ్చే అలవాటు ఉండేది. ఇంటి నంబరు ఇంట్లోనే ఉండాలని ఆడవాళ్ళే పట్టుబట్టేవాళ్ళు. నేను ఐదో తరగతిలో ఉండగా బాయి పైకప్పు కూలి నాన్న పోయాడు. నాకు ఈడు వచ్చాక ఉద్యోగం ఇచ్చినప్పుడు అమ్మ కూడా ఆ నంబరే అడిగింది. గుమాస్తా నాన్న రికార్డు తెరిచి, ఆయన వివరాలున్న చోట నావి కొట్టాడు, కుటుంబం వివరాలు మార్చకుండా వదిలేశాడు. అట్లా నాన్న చెరిగిపోయాడు. అమ్మ మాత్రం నాకు భార్యగా మిగిలింది.

నవ్వు ఎంతోసేపు నిలవలేదు. అమ్మకు గుండె జబ్బు. నెలనెలా కంపెనీ దవాఖానాలో మందులు తెచ్చుకునేది. కొత్త సిస్టమ్‌లో ఆమెకు కార్డు రావాలంటే చనిపోయిన ఉద్యోగి భార్యగా ఉండాలి. చనిపోయిన ఉద్యోగి రికార్డే లేదు. కాగితాలన్నీ అప్పట్లో విచారణకని ఎవరో పట్టుకెళ్ళారు, తిరిగి రాలేదు. పోనీ నా తల్లిగా చూపిస్తానంటే, పెళ్ళైన ఆడపిల్లకు తల్లిని చూపించుకునే రూలు లేదన్నాడు ఆఫీసరు. పెళ్ళైతే తల్లి తల్లి కాకుండా పోతుందా అని అడిగాను. రూలు నేను రాయలేదమ్మా అన్నాడు. వీళ్ళలో ఎవరూ ఏ రూలూ రాయరు. అవి వర్షాకాలంలో పుట్టగొడుగుల్లా వాటంతటవే మొలుస్తాయి.

ఇక మిగిలిన దారి ఒక్కటే. ఆ ప్రమాదం జరిగినప్పటి టేపులను విచారణ కోసమే ఎర్ర చీటీ అంటించి విడిగా దాచారు. మిగతా పాత టేపులను తుడిచి మళ్ళీ వాడుకున్నారు గానీ వాటిని ఎవరూ ముట్టలేదు. భయం అనండి, బద్ధకం అనండి.

రికవరీ యుటిలిటీ అనే ప్రోగ్రాం చేసే పని చెప్పడానికి చిన్నదే. ముందు ఇమేజ్ కాపీని, అంటే ఏదో ఒక రోజున డేటాబేస్ మొత్తానికి తీసిపెట్టిన నకలును ఉన్నదున్నట్టు దించుతుంది. ఆ తర్వాత లాగ్ టేపు అందుకుని, ఆ రోజు నుంచి జరిగిన ప్రతి మార్పునూ జరిగిన వరుసలోనే మళ్ళీ జరిపిస్తుంది. ఎక్కడ ఆపాలో మనం చెప్పాలి. ఈ పని అంతకుముందు ఎన్నోసార్లు చేశాను. చేస్తున్నది ఏమిటో మాత్రం ఆ ఆదివారం దాకా నా బుర్రకు తట్టలేదు.

ఆదివారమైతే మెషిన్ ఖాళీగా ఉంటుంది. చర్చి ఎగ్గొట్టి ఆఫీసుకు వెళ్ళాను. ఇప్పటి డేటాను తాకకుండా విడిగా చోటు కేటాయించాను. భాయ్ ఎర్ర చీటీ టేపు దుమ్ము తుడిచి ఎక్కించాడు. ఇన్నేళ్ళ తర్వాత అది చదవదనే ఇద్దరం అనుకున్నాం. కాసేపు గరగరమంది, తర్వాత సాఫీగా తిరిగింది. ప్రమాదానికి ముందు వారం తీసిన నకలు దిగింది.

నా నంబరు కొట్టాను. నాన్న వచ్చాడు.

పేరు, తండ్రి పేరు, ఊరు. వయసు చూస్తే ఇప్పటి నా భర్త వయసే. ఉద్యోగ స్థితి: పనిలో ఉన్నాడు. కర్సరు ఆ మాట పక్కనే ఆగకుండా మిణుకుతోంది. పదేళ్ళకు పైగా నాది అనుకున్న నంబరులో ఇంకో మనిషి కూర్చుని ఉన్నాడు, నేనింకా పుట్టనే లేనట్టు. అలా చూస్తూ ఉండగానే కాళ్ళ కింద నేల అదిరింది. కిటికీ లేని ఆ గదిలో టేపుల అర గలగలమంది.

నేల అదరడం మాకు కొత్త కాదు. బాయి లోపల బ్లాస్టింగ్ పెట్టినప్పుడల్లా పైన క్వార్టర్లలో గోడ అర మీది గిన్నెలు మోగేవి. నా చిన్నప్పుడు అమ్మ నవ్వుతూ, "అగో, మీ నాయిన తలుపు కొడుతుండు" అనేది. నేను ఉరికి వెళ్ళి తలుపు తీసేదాన్ని. నాన్న పోయాక ఆ మాట మానేసింది. పాత చీర చింపి గిన్నెకూ గిన్నెకూ మధ్య పేలికలు దూర్చింది. నేల అదిరేది, గిన్నెలు పలికేవి కావు.

కానీ ఆదివారం బాయికి సెలవు.

"ఓపెన్‌కాస్ట్ దిక్కు ఏదో పేల్చి ఉంటరు" అన్నాడు భాయ్, నేల పైనుంచే తవ్వే గనిని తలుచుకుని. ఆ మాట ఆయనకే నమ్మకంగా లేదని గొంతు చెబుతోంది.

లాగ్ టేపు ఎక్కించమన్నాను. ప్రమాదం జరిగిన రోజు చివరి దాకా నడిపి ఆపాను. నాన్న మొదటి షిఫ్టులో బాయిలోకి దిగినట్టు ఉంది, పైకి ఎక్కినట్టు లేదు. అది నేను ఎదురుచూసిందే. మరునాటి దాకా నడిపాను. మస్టర్, అంటే హాజరు, పడి ఉంది. ఏదో పొరపాటనుకుని ఇంకో రోజు ముందుకు జరిపాను. హాజరు. ఇంకో రోజు. హాజరు. మనుషులు రాత్రింబగళ్ళు రాళ్ళు తవ్వి వెతుకుతున్న రోజుల్లో, నేను ఎన్నిసార్లు ముందుకు జరిపినా నాన్న డ్యూటీలోనే ఉన్నాడు. నా వెనక ఎవరో నిలబడి చూస్తున్నట్టు వీపు జలదరించింది.

"ఏంది భాయ్ గిది? చచ్చిపోయిన మనిషికి మస్టర్ ఎట్ల పడ్తది?"

భాయ్ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. "మెషిన్ తప్పు కాదు చెల్లె. బాయి కాడి కాయిదా అది, ఎప్పటిసంది నడుస్తున్న పద్ధతి. పైకి రాని మనిషికి నాగా రాయరు. చచ్చిండని నోట అనరు, రాలేదని రాయరు. దిగినోడు దిగినట్టే, పని మీద ఉన్నట్టే. పైకి తెచ్చిందాక మస్టర్ రాసేటాయన రోజూ వేస్తనే ఉంటడు."

నాకు క్యారేజీ గుర్తొచ్చింది. ఆ రోజుల్లో అమ్మ పొద్దున్నే అన్నం, కూర క్యారేజీలో సర్దుకుని బాయి దగ్గరికి వెళ్ళేది. సాయంత్రం వచ్చేసరికి అది ఖాళీగా, కడిగి ఉండేది. "నాయిన తిన్నడా?" అని అడిగేదాన్ని. "తిన్నడు. నువ్వు తిను" అనేది. నేను కడుపు నిండా తిని పడుకునేదాన్ని. కింద నాన్న కూడా తిని పడుకున్నాడనుకునేదాన్ని. చివరికి ఆయన్ను పైకి తెచ్చినప్పుడు, పైకప్పు కూలినప్పుడే ప్రాణం పోయిందని పెద్దవాళ్ళు అనుకుంటుంటే విన్నాను. మరి ఆ అన్నం ఎవరు తిన్నారు? ఇన్నేళ్ళలో అమ్మను ఆ మాట అడగలేదు. జవాబుకు భయపడ్డాను.

లాగ్‌లో తర్వాత ఏముందో తెలుసు. ఇక్కడే ఆపేస్తే నాన్న ఎప్పటికీ డ్యూటీలోనే ఉంటాడు. కానీ డ్యూటీలో ఉన్న మనిషి భార్యకు ఆ కార్డు రాదు. అమ్మ మందులు ఆగకూడదంటే నాన్న మళ్ళీ చనిపోవాలి. అదీ నేను నొక్కే మీటతో. కంప్యూటర్ సైన్సు పుస్తకాల్లో ఎక్కడా ఈ పాఠం లేదు. ఏడుపు ఆగలేదు, ఆపుకోలేదు కూడా.

"నువ్వు బయట నిలబడు. నేను నొక్కుతా" అన్నాడు భాయ్.

"వద్దు భాయ్. నా నంబరు. నేనే నొక్కుతా."

నొక్కాను. టేపు తిరిగింది, ఆగింది. మళ్ళీ రికార్డు తెరిస్తే స్థితి మారింది: మరణించాడు. కింద భార్య, అమ్మ పేరు. నాకు కావలసింది అదే, దాన్ని చనిపోయినవాళ్ళ జాబితాలో చేర్చి కొత్త సర్వర్‌కు పంపేశాను. అయితే ఆ మరణానికి ముందు ఇంకో మార్పు జరిగినట్టు లాగ్ చూపిస్తోంది. మస్టర్ రాసే ఆ మనిషి ఎవరో గానీ, శవాన్ని పైకి తెచ్చిన వేళకు సరిగ్గా, అందరికీ వేసినట్టే వేశాడు: ఎక్కాడు. ఆ తర్వాతే చనిపోయినట్టు రాశాడు.

ఇంటికి వెళ్ళేసరికి అమ్మ వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నా పెళ్ళయ్యాక కూడా అమ్మ మాతోనే, ఆ క్వార్టరులోనే ఉండేది. కార్డు సంగతి చెప్పాను. "మంచిది" అంది.

"నాయినకు ఒక్క నాగా కూడా రాయలేదమ్మా. పైకి తెచ్చిందాక మస్టర్ వేసిండ్రు."

అమ్మ చేతులు ఆగాయి. ఇక అడగకపోతే ఎప్పటికీ అడగలేననిపించింది. "గా క్యారేజీల అన్నం ఎవరు తిన్నరమ్మా?"

"ఎవరు తింటరే! వచ్చేటప్పుడు దారిల కుక్కలకు పెట్టి, బోరింగు కాడ గిన్నెలు కడుక్కొని వచ్చేదాన్ని. నిండు గిన్నె ఇంటికి తెస్తె నువ్వు ముద్ద ముట్టకపోతుంటివి."

నేను పక్కన కూర్చుని ఒక చింతపండు పెచ్చు అందుకున్నాను. ఈసారి అమ్మ అడిగింది. "మరి ఆ మెషిన్ల ఇప్పుడు పైకొచ్చిండా మీ నాయిన?"

"అవ్ అమ్మా. వచ్చిండు."

అమ్మ చేతులు దులుపుకుని లోపలికి వెళ్ళింది. స్టూలు వేసుకుని, గోడ అర మీది గిన్నెల మధ్య నుంచి ఆ పాత పేలికలన్నీ లాగేసింది.

మరునాడు షిఫ్టు మారే వేళకు నేల అదిరింది, గిన్నెలు మోగాయి. అమ్మ లేచి వెళ్ళి తలుపు తీసింది.